ఊరుకున్న గంట

నుదుటి మీద, రెండు కనుబొమల మధ్య, చీమ పాకినట్టనిపించింది. చీమ కాదని తెలుసు. ఆ ధ్యానమందిరంలో గచ్చు రెండు పూటలా తుడుస్తారు, కిటికీలకు దోమతెరలున్నాయి, చుట్టూ అంతమంది ఆడవాళ్ళుండగా చీమ వెతుక్కుంటూ నా ఒక్కదాని మీదికే రావడానికి కారణం లేదు. నా బుద్ధి ఎప్పుడూ ఇంతే, ఏదొచ్చినా ముందు కూడికలూ తీసివేతలూ వేసుకుంటుంది. కానీ చెయ్యెత్తి నుదురు తడుముకోవడానికి వీల్లేదు. గంటసేపు కళ్ళు తెరవకూడదు, చేతులు విప్పకూడదు, కాళ్ళు మార్చకూడదు అని అప్పుడే చెప్పారు. దురద పుడితే దురదను చూడమన్నారు. అది వస్తుంది, కాసేపుంటుంది, పోతుంది, మీరు ఊరికే చూడండి అన్నారు. చూశాను. పోలేదు. చూసే కొద్దీ చల్లగా, పొడిపొడిగా, వేలి వెడల్పున గుండ్రంగా తేలింది. అప్పుడు గుర్తుపట్టాను. అది కుంకుమ. ముప్పయ్యేళ్ళ పైమాటే, సరిగ్గా ఆ చోట మా మేనత్త నాకు కుంకుమ పెట్టింది, నేను ఇలాగే కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చుని ఉండగా.

ఆ శిబిరానికి మా బావ వల్ల వెళ్ళాను. మా బావంటే నా భర్తే. మేనత్త కొడుకు కాబట్టి పెళ్ళికి ముందు బావ, పెళ్ళయ్యాకా బావే. పిలుపు మార్చే పని పడలేదు. పొన్నూరులో మాకు చిన్న రైసుమిల్లుంది. కిందటేడు మిల్లులో ఎవరి మీదో కేకలేస్తున్న బావ ఉన్నట్టుండి కళ్ళు తిరిగి బస్తాల మీద కూలబడ్డాడు. గుంటూరు డాక్టరు బీపీ మాత్రలు రాసి, కోపం తగ్గించుకోమన్నాడు. "కోపానికి మాత్రల్లేవాండీ?" అని మా బావ అడిగితే, నవ్వి విపశ్యన శిబిరం సంగతి చెప్పాడు. ఒంగోలు వైపు పత్తిచేల మధ్య ఉందట. "నేనొక్కణ్ణీ పోను, నువ్వూ రా. నీకెట్టాగూ అలవాటేగా," అన్నాడు బావ. నాకు అలవాటని ఆయనకు తెలుసు. ఎలా అలవాటైందో ఎప్పుడూ అడగలేదు. అక్కడ మగవాళ్ళొక వైపు, ఆడవాళ్ళొక వైపు. మాటలుండవు, సైగలుండవు, ఒకరి మొహం ఒకరు చూడకూడదు. అవతలి నుంచి వచ్చే దగ్గుల్లో మా బావ దగ్గును ఏరుకోవడం తప్ప, ఆయన అక్కడున్నట్టు నాకు వేరే ఆనవాలు లేదు.

నేను ఆ ధ్యానం నేర్చుకున్నది సత్తెనపల్లి దగ్గర మా పెదనాన్న ఇంట్లో, మిరపకాయలు దాచే కొట్టుగదిలో. మా అమ్మానాన్నలు ఒంగోలు అవతల పొలం కౌలుకు తీసుకుని పొగాకు వేసేవారు. అక్కడ హైస్కూలు లేదని నన్ను పెదనాన్న దగ్గరుంచారు. పదో తరగతి అయ్యాక కూడా వెనక్కి తీసుకెళ్ళలేదు. అప్పటికి ఆ ఇంటి పనిలో నాకొక వాటా ఏర్పడిపోయింది. ఆ ఇంటికి ఘాటు పునాదుల్లోంచి వచ్చేది. పరుపులో, పాలగిన్నెలో, ఉతికి ఆరేసిన లంగాలో అదే వాసన. కొత్తవాళ్ళు గుమ్మంలోనే తుమ్మేవారు. ఎన్ని తుమ్ములు తుమ్మితే అంత దూరం నుంచి వచ్చారని మా పెద్దమ్మ అంచనా. కాయ కోత మొదలయ్యాక ఇంట్లో అందరికీ వెన్ను వంగే ఉండేది. పొద్దున కళ్ళంలో కాయలు ఆరబోయాలి, సాయంత్రం మంచు పడకముందే పట్టాలు కప్పాలి, మధ్యలో రంగు తేలిపోయిన తాలుకాయలు ఏరాలి, తొడిమలు తియ్యాలి. పొద్దుగూకేసరికి చేతులు నిప్పుల్లో పెట్టినట్టుండేవి. పెద్దమ్మ నా అరచేతులకు ముందు నూనె రాసి, తర్వాత పుల్ల మజ్జిగ పోసేది. "రేపు మళ్ళీ మండేవేగా, ఇంత మజ్జిగ దండగ," అంటూనే పోసేది.

ఆ ఇంట్లో అన్నిటికంటే పెద్ద తప్పు ఊరికే కూర్చోవడం. "ఊరికే కూర్చున్నావేందే?" అన్న మాట చెవిన పడేలోపు చేతిలోకి చాటో చీపురో రావాలి. అన్నం తింటే ఊరికే తిన్నట్టు, ఏడిస్తే ఊరికే ఏడ్చినట్టు. ఆ మాటకు మంచి అర్థం ఒక్కటి కూడా ఉందని నాకు తెలియదు. దానికి తోబుట్టువు 'ఊరుకో'. ఆడపిల్ల ఎదురు చెబితే "ఊరుకో" అని కసిరేవారు. అదే పిల్ల దెబ్బ తగిలి ఏడుస్తుంటే దగ్గరికి తీసుకుని, వీపు నిమిరి, మళ్ళీ "ఊరుకో" అనేవారు. కసరడానికీ ఓదార్చడానికీ ఒకటే మాట కావడం వల్ల, ఊరుకున్న ప్రతిసారీ నేను ఓదార్పు పొందానో, తిట్టు తిన్నానో నాకే తెలిసేది కాదు. అలాంటప్పుడు లెక్కల్లో దూరేదాన్ని. ఎవరూ నేర్పలేదు. కళ్ళంలో ఆరబోసిన కాయల పొడవూ వెడల్పూ అడుగులతో కొలిచి, లోతు వేళ్ళతో చూసి, ఎన్ని టిక్కీలు, అంటే ఎన్ని బస్తాలు, అవుతాయో గోనెసంచులు తెరవకముందే మనసులో అనుకునేదాన్ని. తర్వాత సంచులు కుట్టేటప్పుడు సరిచూసుకునేదాన్ని. ఆ ఇంట్లో నేను అనుకున్నది అనుకున్నట్టు జరిగే చోటు అదొక్కటే.

పెదనాన్న మహా కోపిష్టి. అన్నంలో రాయి తగిలితే కంచం పెరట్లో ఉండేది. అలాంటి మనిషిని ఆయన స్నేహితుడు, రిటైరైన మేష్టారొకాయన, విపశ్యన శిబిరానికి తీసుకెళ్ళాడు. తిరిగొచ్చిన రోజు భోజనంలో రాయి తగిలింది. వంటింటి గుమ్మంలో పెద్దమ్మా నేనూ బిగుసుకుపోయాం. ఆయన నమలడం ఆపి, కాసేపు కళ్ళు దించుకుని, రాయి తీసి కంచం అంచున పెట్టి, మళ్ళీ తినడం మొదలుపెట్టాడు.

"ఏమయిందే మీ పెదనాన్నకి? తిట్టలా," అంది పెద్దమ్మ గొంతు తగ్గించి.

"మంచిదేగా పెద్దమ్మా."

"ఏం మంచి? వానకు ముందు గాలి నిలబడ్డట్టుంది."

వాన రాలేదు. దానికి బదులు నిశ్శబ్దం వచ్చింది. తెల్లవారుతూనే ఒక గంట, దీపాలవేళ ఒక గంట పెదనాన్న కొట్టుగదిలో కూర్చునేవాడు. అలారం గడియారం చప్పుడు మోటుగా ఉంటుందని దాన్ని తువ్వాలులో చుట్టేవాడు. ఆ గంటలో రేడియో లేదు, బావి గిలక మోగకూడదు, కోడిని అదిలించకూడదు. "చెంబు చప్పుడైతే ఆయన నిర్వాణం బెదిరి పారిపోద్దంట, నిదానంగా తోము," అనేది పెద్దమ్మ. ఆయన కళ్ళు మూసుకుంటే ఇల్లు ఆవిడ కళ్ళతో నడిచేది. అంతకుముందు ఆయన కోపానికి భయపడి మాట్లాడేవాళ్ళం కాదు. ఇప్పుడు ఆయన శాంతికి భయపడి మాట్లాడటం మానేశాం. నేను తూకం వేసి చూశాను. పెద్ద తేడా రాలేదు.

నేనూ కూర్చుంటానని పెదనాన్నను అడిగింది నిర్వాణం కోసం కాదు. ఆ గంటలో ఎవరూ నాకు పని చెప్పలేరు. ఊరికే కూర్చోవడానికి ఆ ఇంట్లో పెద్దలు అనుమతించిన దారి అదొక్కటే. ఆయన మొహం వెలిగిపోయింది. ఎదురుగా గోనెపట్టా పరిచి కూర్చోబెట్టాడు.

"ఊపిరి లోపలికి పోద్ది, బయటికొస్తది. నువ్వేం చెయ్యొద్దు. ముక్కు దగ్గర దాన్ని ఊరికే చూడు."

అలారం మోగాక, "ఏం చూశావ్?" అన్నాడు.

"నాలుగొందల ఎనభై దాకా వచ్చింది పెదనాన్నా. అప్పుడు కాకి అరిచింది, తప్పిపోయింది."

"ఏంటి నాలుగొందల ఎనభై?"

"ఊపిర్లు."

"నిన్ను లెక్కపెట్టమన్నానా?"

"మరి ఊరికే ఎట్టా చూసేది?"

పెదనాన్న పగలబడి నవ్వాడు. ఆ ఇంట్లో ఆయన నవ్వు వినడం నాకదే మొదలు. "అవి కళ్ళంలో కాయలు కాదే పిచ్చిదానా. ఎవరికీ తూచి పెట్టక్కర్లేదు. చూసి వదిలెయ్," అన్నాడు. వదలడం నాకు చేతకాలేదు. పైకి చూసినట్టుండి లోపల లెక్కపెడుతూనే ఉండేదాన్ని. కానీ తల నుంచి పాదాల దాకా ఒళ్ళంతా చూసుకుంటూ రావడం నేర్పినప్పుడు మాత్రం నిజంగా ఏదో పట్టుబడింది. చేతుల మంట దగ్గర ఆగాను. "నా చేతులు మండుతున్నాయి అనుకోకు. మంట ఉంది అనుకో, అంతే," అన్నాడాయన. అనుకుని చూస్తే, ఒక్కటే పెద్ద మంట అనుకున్నది ఒక్కటి కాదు. వేలి కొసన ఒకలా, గోరు కింద ఒకలా, పుట్టి ఆరి మళ్ళీ పుట్టే చిన్న చిన్న చురుకులు. మధ్యలో మంట లేని జాగాలున్నాయి. ఆ జాగాలు చూశాక మజ్జిగ లేకుండా ఓర్చుకోగలిగాను. ఇది అబద్ధం కాదు, ఈ రోజుకీ నాకు పనికొస్తోంది. అందుకే తర్వాత జరిగినదానికి ఆ విద్యను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

కొన్నాళ్ళకు పెదనాన్న గట్టి సంకల్పంతో కూర్చునే గంట మొదలుపెట్టాడు. కళ్ళూ చేతులూ కాళ్ళూ ఏవీ కదపకూడదు, మాట్లాడకూడదు. గదికి మూడు వైపులా వాసాల దాకా టిక్కీలు, నాలుగో వైపు తలుపు. తుమ్ము వస్తే తుమ్మునూ చూడమనేవాడు. తుమ్మును చూస్తే ఏమవుతుందో అందరికీ తెలిసిందే. అరగంట గడిచేసరికి మోకాళ్ళు నావి కావనిపించేది, గోడలు దగ్గరికి జరిగినట్టుండేది, తలుపు బార్లా తెరిచే ఉన్నా దానిలోంచి బయటికి పోవడం మాత్రం అసాధ్యంగా తోచేది. నన్ను ఎవరూ కట్టలేదు. నేనే కట్టుకున్నాను. ఆ ముడి ఎలా విప్పాలో అలారానికి తప్ప ఎవరికీ తెలియదు.

ఒక సాయంత్రం సరిగ్గా ఆ గంటలో మా మేనత్త పొన్నూరు నుంచి వచ్చింది. గొంతు వీధిలోనే వినిపించింది. తిన్నగా కొట్టుగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అన్నయ్యా, చెల్లెలొచ్చింది. కళ్ళు తెరువు."

"గంటదాకా తెరవరమ్మాయ్. ఇల్లు తగలబడ్డా తెరవరు," అంది వెనక నుంచి పెద్దమ్మ.

"సరేలే వదినా, ఆయనతో పనేంటి, పిల్లతోనేగా. నాకు ఆఖరి బస్సు తప్పిపోద్ది." అత్తయ్య నా ముందుకొచ్చి వంగింది. తుమ్మింది, మళ్ళీ తుమ్మింది. "ఏమే, నిన్నే. మావాడు నీకు తెలియనోడేం కాదు. మిల్లు ఉంది, బుద్ధిమంతుడు. నీకిష్టమేనా? ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పెయ్, నేనేం అనుకోను."

విన్నాను. బావ మొహం గుర్తు తెచ్చుకున్నాను. సైకిలు మీద వచ్చి పెరట్లో జామకాయలు కోసుకున్న మొహం. ఇష్టం లేదని కాదు. ఇష్టమనీ కాదు. ఆ లెక్క నేనింకా మొదలే పెట్టలేదు. కాస్త వ్యవధి ఇస్తే వేసి చెప్పేదాన్ని.

"ఊరుకున్నావేందే?" అంది అత్తయ్య. మళ్ళీ తనే జవాబు చెప్పుకుంది. "చూశావా వదినా, ఊరుకుంది. ఇష్టం లేకపోతే ఊరుకుంటదా ఆడపిల్ల? సరేనన్నట్టే."

"అది ధ్యానంలో ఉందమ్మాయ్..."

"మంచిదేగా. దేవుడి ఎదురుగా ఒప్పుకున్నట్టే."

సంచీ తీస్తున్న చప్పుడు. నుదుటి మీద వేలు, చల్లటి కుంకుమ. జడలో కనకాంబరాలు, పిన్ను మాడుకు గీసుకుంది. "నోరు తెరువు," అంది. తెరిచాను. బెల్లం ముక్క పెట్టింది. ఆ తెరిచిన నోట్లోంచి ఒక్క మాట బయటికి రావడానికి చోటుంది, సమయముంది. బెల్లం లోపలికి వెళ్ళింది, మాట బయటికి రాలేదు. ఎదురుగా పెదనాన్న ఊపిరి ఒకే తీరుగా వినిపిస్తోంది. కదలకూడదన్న పట్టుదలతో నోరు మూసుకున్నానా, భయంతో మూసుకుని దానికి పట్టుదల అని పేరు పెట్టుకున్నానా? ఇన్నేళ్ళలో ఎన్ని రకాలుగా వేసినా ఈ లెక్క తేలలేదు.

తువ్వాలులో అలారం గురగురలాడి నేను కళ్ళు తెరిచేసరికి అత్తయ్య బస్సుకు వెళ్ళిపోయింది. పెదనాన్న నా నుదురు చూస్తున్నాడు.

"నువ్వు విన్నావుగా పెదనాన్నా."

"విన్నాను."

"నేను సరేననలేదు."

"కాదనీ అనలేదు."

"మధ్యలో మాట్లాడకూడదన్నావుగా!"

"నిన్నెవరూ కట్టెయ్యలేదమ్మా," అన్నాడు మెల్లగా. గడియారం మీది తువ్వాలు విప్పుతూ, "ఇష్టం లేదా?" అన్నాడు.

"తెలీదు. ఇంకా అనుకోలేదు. అదే అత్తయ్యకి చెప్పు."

"తెలియనిదాన్ని ఏమని చెప్పేది? నీ లోపల కంగారు పుట్టింది. దాన్ని ఊరికే చూడు. అదే పోద్ది."

చూశాను. కంగారు నిజంగానే పోయింది. పెళ్ళి మాత్రం పోలేదు. పోస్టాఫీసు ఫోన్లో మా నాన్న, "పెదనాన్న ఎదురుగానే జరిగిందిగా తల్లీ, ఇంకేం?" అన్నాడు. పెదనాన్న ఎదురుగా ఉన్నాడన్నది నిజమే. కళ్ళు మూసుకుని ఉన్నాడు. కారానికి తీసిన పాతకాయల తొడిమలు తీస్తూ పెద్దమ్మ ఒక్కతే సూటిగా అడిగింది. "ఇష్టం లేకపోతే నాతో చెప్పు, రేపే పొన్నూరు పోయి మీ అత్త మొహాన చెప్పొస్తా."

"ఇష్టం లేదని కాదు పెద్దమ్మా."

"అయితే ఇష్టమే."

నేను ఇంకో కాయ తొడిమ తుంచాను.

"ఊరుకుంటే నాకేం తెలుస్తదే?" అని విసుక్కుని చాట అవతలికి లాక్కుంది. అడిగిన ప్రతివాళ్ళకూ అవునో కాదో కావాలి. అవును అనడానికి నా దగ్గర ఆధారం లేదు, కాదనడానికీ లేదు. ఆధారం లేకుండా అంకె వెయ్యడం నాకు చేతకాదు. నేను అంకె వెయ్యకపోయేసరికి వాళ్ళే వేసేశారు. కొత్తకాయ కోతలు మొదలైతే ఎవరికీ తీరదని ఆ లోపే ముహూర్తం పెట్టారు.

మా బావ చెడ్డవాడు కాడు. ఇది మొహమాటానికి రాస్తున్న మాట కాదు. మిల్లులో వడ్లు పోస్తుండగానే ఎన్ని బస్తాల బియ్యం దిగుతాయో నేను చెబుతాను. ఆయన నన్ను అడగకుండా ఏ బేరమూ చెయ్యడు. కొత్త మిషను కొనాలా, ఏ పిల్లవాణ్ణి పనిలో పెట్టుకోవాలా, కూరలో ఏం వెయ్యాలా అన్నీ అడుగుతాడు. అడగనిది ఆ బొట్టు సంగతి ఒక్కటే. మా అత్తగారు మాత్రం, ఉన్నన్నాళ్ళూ, ప్రతి శుభకార్యంలోనూ ఆ కథ చెప్పేది. "మా కోడలు తపస్సులో ఉంటే బొట్టు పెట్టి తెచ్చేసుకున్నా!" పందిరంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఆవిడ పోయాక ఆ కథ బంధువులు చెబుతున్నారు, ఇప్పటికీ అందరితో పాటు నవ్వుతున్నాను. ఒక కథలో మనల్ని కూర్చోబెట్టి ఇంతమంది చుట్టూ నిలబడి నవ్వుతుంటే, లేచి బయటికి రావడానికి ఏ అలారమూ మోగదు. మా అమ్మాయికి సంబంధం వచ్చినప్పుడు అది ఆ అబ్బాయితో నెలల తరబడి ఫోన్లో మాట్లాడింది. వంటింట్లోకి వినిపించేది. "నీకింకా టైం కావాలా?" అని అతను అడిగాడట, "కావాలి" అని ఇది మామూలుగా, మంచినీళ్ళు కావాలన్నట్టు అంది. నేను గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ మాట ఒకటుందని మాకెవరూ చెప్పలేదు.

శిబిరం చివర మౌనం విప్పారు. అప్పటిదాకా నేల చూస్తూ నడిచిన మనుషులు ఒక్కసారిగా బడి వదిలిన పిల్లలైపోయారు. వేపచెట్టు కింద మా బావ కనిపించాడు. గడ్డం మాసి, చిక్కి ఉన్నాడు.

"పప్పులో ఉప్పు లేదు గదా?" అన్నాడు మొట్టమొదటి మాటగా.

"మీ వైపూ అంతేనా!"

నవ్వాం. ఆయన అరుగు మీద కూర్చుని మోకాళ్ళు నొక్కుకున్నాడు. "ఆ కదలకూడని గంట చూశావూ, అందులో మధ్యలో ఒకసారి ఎవడో నన్ను లాక్కుపోయినా అరవలేనేమో అనిపించింది. మా అమ్మ నీకు బొట్టు పెట్టింది అట్టాంటప్పుడేనా?"

"అప్పుడే."

"కథ అన్నేళ్ళు విన్నా. ఆ గంట అట్టా ఉంటదని నాకు తెలీదు." చేతులు మోకాళ్ళ మీద ఆగిపోయాయి. "నిజం చెప్పు. కదలకూడదని ఊరుకున్నావా, ఇష్టమై ఊరుకున్నావా?"

"ఇష్టమో కాదో అప్పటికింకా అనుకోలేదు బావా. టైం ఇవ్వలేదు."

ఆయన తల ఊపాడు. "మరి తర్వాతన్నా అనుకున్నావా?"

గేటు దగ్గర ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. "ఒంగోలు బస్సు పోద్దండీ!" అని అరిచాడు. బావ వాణ్ణి ఆగమని చెయ్యి చూపి నా వైపు తిరిగాడు. నా దగ్గర అంకె సిద్ధంగా లేదు. పిల్లల్నీ, మిల్లునీ, ఆయన జ్వరాలనీ, నా జ్వరాలనీ కూడితే ఇష్టమే వస్తుందనిపిస్తుంది. కానీ అవన్నీ ఆ బొట్టు తర్వాత వచ్చినవి. వాటితో ముందటి దానికి జవాబు రాయడం, జవాబు చూసి లెక్క చేసినట్టు అవుతుంది. ఊరుకున్నాను.

"ఊరుకున్నావు కదా అని సరేననుకోను," అన్నాడు బావ, లేచి రెండు సంచులూ తీసుకుంటూ. "నీకెప్పుడు తెలిస్తే అప్పుడు చెప్పు. కాదన్నా చెప్పు."

మళ్ళీ అడగలేదు. ఇంటికొచ్చి మా పనుల్లో మేం పడ్డాం. వడ్ల సీజను వచ్చింది, పోయింది. రోజూ మిల్లు ఆగాక వచ్చి, నా ఎదురుగా కుర్చీ వేసుకుని, కాసేపు ఏ పనీ లేకుండా కూర్చుంటున్నాడు. నేను తలెత్తితే చూస్తాడు, ఎత్తకపోతే చూడడు. నేనింకా చెప్పలేదు.